కాలువ అవతలి ఎలుకలు

హచ్చొళ్ళి,
మార్చి 14, గురువారం.

బిందక్కా,

అనూషకు అన్యాయం జరిగింది. చేసింది నువ్వు.

తర్వాత మాటల్లో నీళ్ళు కలిపానని అనకుండా మొదటి వాక్యంలోనే చెప్పేస్తున్నాను. పోయిన ఆదివారం నీ కూతురికి ఏడేళ్ళు నిండాయి. కొత్త గౌను వేసుకుని, కేకు డబ్బా ఒళ్ళో పెట్టుకుని, కంటోన్మెంట్‌లో వాళ్ళ నానమ్మ ఇంటి నుంచి ఆటోలో నీ దగ్గరికి వచ్చింది. నువ్వు తలుపు తీయలేదు. కిటికీలోంచి, "చుక్కమ్మ కుబుసం విడుస్తా ఉంది, తలుపు తీస్తే తేమ పోతుంది, సాయంత్రం రండి" అన్నావు. ఇదంతా పిల్ల వెంట వచ్చిన మీ అత్త ప్రమీలమ్మ ఫోన్ చేసి చెప్పింది. పిల్ల అరగంట మెట్ల మీద కూర్చుందట. ఎండకు కేకు మెత్తబడిపోతుంటే, "పోదాం నానమ్మా, అమ్మకు పనుంది" అందట.

చుక్కమ్మ నువ్వు కన్న బిడ్డ కాదు. బెంగుళూరు నుంచి డబ్బాలో వచ్చిన నాలుగడుగుల విదేశీ కొండచిలువ. నేను చదివేవి పదహారు పేజీల చిన్న పుస్తకాలేనని నువ్వు ఎప్పుడూ ఎగతాళి చేస్తావు. ఆ పదహారు పేజీల్లోనే ఉంది: ప్రాణిని ప్రేమించడం వేరు, ప్రాణిని పట్టి ఉంచుకోవడం వేరు. అడవిని డబ్బాలో పెట్టి బల్బు కింద చూసుకోవడం జైలరు చేసే పని. ఇక్కడ మా సంఘం నాలుగేళ్ళుగా ఇల్లిల్లూ తిరిగి "పామును చంపకండి" అని కరపత్రాలు పంచుతుంటే, మా అక్క పాములకు చెర కట్టించింది!

నితిన్ బావ మాట మీద నిలబడే మనిషి. జూన్‌లో బడి తెరిచేలోగా ఇంట్లోంచి ఆ డబ్బాలన్నీ పోతే అనూషను తెచ్చి నీ దగ్గరే ఉంచుతానన్నాడు. పోకపోతే కంటోన్మెంట్ దగ్గరి బళ్ళో చేర్చేస్తాడు. తర్వాత నీ కూతురు నీకు పండగలకు వచ్చే చుట్టమే. నీ చేతిలో ఉన్నది రెండున్నర నెలలు.

నా నంబరు బ్లాక్ చేశావు కాబట్టి ఈ కాగితం. అమ్మ ప్రతి గురువారం బళ్ళారి బస్సులో పంపే బియ్యం మూటను మాత్రం నువ్వు ఇంతవరకు తిప్పి పంపలేదు. అందులో వంకాయల కింద పెడుతున్నాను.

హరిబాబు

*

సత్యనారాయణపేట, బళ్ళారి,
మార్చి 28.

హరీ,

నీ ఉత్తరం నలిగిన వంకాయల మధ్య తడిసి దొరికింది. సగమే చదవగలిగాను. మిగతా సగంలో ఏం తిట్టి ఉంటావో తెలుసు కాబట్టి నష్టం లేదు.

మీ సంఘంలో నువ్వు, పరశురామ్, హనుమేశ్, మొత్తం ముగ్గురు. నా ఇంట్లో పదమూడు మంది. ఎవరిది పెద్ద సంఘమో చూసుకో. అన్నిటికీ కాగితాలున్నాయి. ప్రభుత్వం దగ్గర పేర్లు ఎక్కించాను. ఫారెస్టు వాళ్ళకు అర్జీ రాద్దామనే ఆలోచన ఉంటే మానుకో, సిరా దండగ.

ఎలా మొదలయిందో నువ్వు ఎప్పుడూ అడగలేదు. అనూషకు నాలుగో ఏట మీ బావ రూపాయి బిళ్ళంత తాబేలు పిల్లను తెచ్చాడు. ప్లాస్టిక్ తొట్టి, రెండు గులకరాళ్ళు. వారానికే దాని కళ్ళు వాచిపోయాయి. పిల్ల ఏడుపు. ఎందుకని ఫోన్‌లో వెతికితే దానికి ఎండ కావాలట, లేకుంటే ఎండలాంటి బల్బు కావాలట. బల్బు పెడితే నీళ్ళు వేడెక్కాయి. వేడి చూడటానికి మీటరు కొన్నాను. మీటరు అమ్మినాయన ఒక గ్రూపులో చేర్చాడు. ఆ గ్రూపులో ఎవరో ఊరు మారుతూ, మచ్చల బల్లులు రెండున్నాయి, ఎవరైనా తీసుకోండి, లేకపోతే చచ్చిపోతాయి అన్నాడు. పదమూడింటిని పెంచాలని నేను ఏనాడూ అనుకోలేదు హరీ. ప్రతిసారీ ఈ ఒక్కటే అనుకున్నాను.

బళ్ళో లెక్కల టీచరు పని మానేసినప్పుడు కూడా, ఈ ఒక్క ఎండాకాలమే అనుకున్నాను. కరెంటు పోతే గంటలో పెట్టెలున్న గది పొయ్యిలా అవుతుంది, ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా. ఏసీ ఆ గదికే. ఇన్వర్టరు ఆ గదికే. నేను హాల్లో తడి తువ్వాలు కప్పుకుని పడుకుంటాను.

చుక్కమ్మకు ఎంత వేడి కావాలో నాకు తెలుసు. పెట్టెలో ఒక పక్క ముప్పై రెండు, ఇంకో పక్క ఇరవై ఆరు. ఆ అంకె తప్పకపోతే అది బతుకుతుంది. మీ బావ పదిహేను రోజులకోసారి సండూరు గనుల నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంటే, కంటోన్మెంట్‌కు వెళితే మా అత్తగారు పలకరించకుండా వంటింట్లోకి వెళ్ళిపోతే, ఎక్కడ ఎంత సరిచేయాలో నాకు ఎవరూ అంకె చెప్పలేదు.

పుట్టినరోజు సంగతి రాశావు. దాని గురించి రాయను.

అయితే ఒక పని చేసిపెట్టు. చుక్కమ్మ తిని డెబ్భై రోజులయింది. బెంగుళూరు నుంచి ఐసులో వచ్చే ఎలుకలు ఈ ఎండలకు దారిలోనే పాడైపోతున్నాయి. వచ్చినా ముట్టుకోవడం లేదు. ప్రాణంతో ఉన్న వాసన కావాలేమో. మన పొలంలో ఎలుకలకు కొదవా? బెంగుళూరులో ఒక పెద్దాయన ఉన్నాడు, సొంత తోటలో ఇలాంటివాటిని చూసుకుంటాడు. చుక్కమ్మ తిని కాస్త పుంజుకుంటే దాన్నీ, మిగతావాటినీ తీసుకెళతానన్నాడు. చిక్కిపోయిన పామును ప్రయాణం చేయించనన్నాడు. తాబేలు ఒక్కటి చాలు నాకు. అది అనూషది.

కాబట్టి మీ కరపత్రాలు పక్కన పెట్టి ఆరు ఎలుకలు పంపు. బడి తెరిచేలోగా గది ఖాళీ అవుతుంది.

నీ అక్క

*

హచ్చొళ్ళి,
ఏప్రిల్ 18.

అక్కా,

మూడు వారాలు నాతో నేను పోట్లాడాను. ఒక చెరలోని ప్రాణికి ఇంకో ప్రాణిని పట్టి వేయడం ఏ న్యాయమని. చివరికి అనూష గెలిచింది. ఈ మూటతో పాటు చిల్లులు పొడిచిన నూనె డబ్బా ఒకటి వస్తుంది. ఆరున్నాయి. అన్నీ చురుగ్గా ఉన్నాయి.

బెంగ పడకు, ఊరికే పట్టి పంపినవి కావు. పోయిన ఆదివారం మా సంఘం ఇక్కడ ఒక పెద్ద పని చేసింది. పాముల్ని చంపొద్దని మేమంటే, "మరి ఎలకల్ని ఎవురు సంపుతారప్పా, మీ కాయితాలా?" అని రైతులు నవ్వేవాళ్ళు. ఒక రైతు మందు పెడితే ఎలుకలు పక్క పొలానికి పోతాయి. అందుకని ఊరంతా ఒకే రోజు పెట్టాలని ఒక పుస్తకంలో చదివాను. నూట పది ఇళ్ళు తిరిగి ఒప్పించాను. నూకలకు నూనె, నీలం రంగు మందు కలిపి, కాలువకు ఇవతల గట్లన్నిటి మీదా కన్నం కన్నానికీ పొట్లం. వెంటనే చంపే మందు కాదు, తిన్న నాలుగైదు రోజులకు పనిచేస్తుంది. ఎలుకకు అనుమానం రాదు. నా మాట విని ఊరంతా ఒక్కటై కదలడం నా జీవితంలో ఇదే మొదటిసారి. నువ్వు చూసి ఉండాల్సింది.

నీ ఎలుకలు మాత్రం కాలువకు అవతల గట్టువి. అక్కడ మందు పెట్టలేదు, ఆ పొలాలు పక్క ఊరివి. ఈ విషయం నేను గట్టిగా చూసుకున్నాను. కెంచమ్మ తెలుసుగా, మన కళ్ళంలో పనిచేసే ఆవిడ. కన్నంలోకి కుండతో పొగ ఊది ఎలుకల్ని పట్టడంలో ఆమెను మించినవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు. కాలువ ఆపి పది రోజులయింది కదా, ఎండిపోయిన కాలువలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటే మధ్యలోంచి నడిచి అవతలికి పోయాం. కెంచమ్మ ఒకటే నవ్వు.

"ఏందప్పా హరీ, పాముకు బువ్వ బస్సులో పంపిస్తాండావంట? నా ముప్పై ఏండ్ల కూలికి ఒకనాడన్నా నాకు బువ్వ యాడికన్నా పంపితిరా మీరు?"

ఈ చివరి వాక్యాలు బస్సు పక్కన నిలబడి రాస్తున్నాను. కండక్టరు హొన్నూరప్ప ఇంకో రకం. "లోపల ఏందో గీకుతాండాదే! దీనికి ఫుల్ టికెట్టా, హాఫ్ టికెట్టా?" అన్నాడు. సుమ్నె ఉండప్పా, గమ్మునుండు, మా అక్కకు మందు అన్నాను.

నిజంగా మందే కావాలి. మే నెలలోనే గది ఖాళీ చెయ్యి.

హరి

*

సత్యనారాయణపేట,
ఏప్రిల్ 25.

హరీ, నా బంగారు తమ్ముడూ,

తింది!

డబ్బా తెరిచి ఒకదాన్ని వదిలానో లేదో, చుక్కమ్మ తల ఎత్తింది. మూడు నెలలుగా తాడులా పడి ఉన్నది మెరుపులా కదిలింది. నేను నేల మీద కూర్చుని ఏడ్చాను. రెండో రోజు ఇంకోటి, తర్వాత ఇంకోటి. బెల్లం, అదే గోధుమరంగు కొండచిలువ, అది కూడా మూడు తింది. పొలం ఎలుకలు పెట్టొద్దని గ్రూపులో అందరూ అంటారు, ఎక్కడ ఏం తిని వస్తాయో తెలియదని. నా తమ్ముడు దగ్గరుండి పట్టించినవి అని రాశాను.

నీ నంబరు బ్లాకులోంచి తీశాను. కానీ ఫోన్ చేయకు, ఉత్తరమే రాయి. ఫోన్‌లో నువ్వు అరుస్తావు, కాగితం మీద కాస్త ఆగి అరుస్తావు.

ఇంకో మాట. నిన్న తలుపు తీశాను. అనూష వచ్చింది. ముందు గుమ్మంలోనే నిలబడి, "రావచ్చా?" అని అడిగింది. సొంత ఇంట్లోకి రావడానికి ఆ పిల్ల నన్ను అడగడం విన్నాను హరీ. చుక్కమ్మ పెట్టె దగ్గరికి వెళ్ళి అద్దం మీద అరచెయ్యి ఆనించింది. "అమ్మా, ఇది నన్ను చూస్తాందా, కడుపు నిండి నిద్రపోతాందా?" అంది. కంటోన్మెంట్ వీధిలో పిల్లల మాటలు బాగా ఎక్కాయి దీనికి. ఇద్దరం నవ్వాం. ఎన్నాళ్ళయిందో.

బెంగుళూరు పెద్దాయన మే 12న బండి తెస్తానన్నాడు. మీ బావకు కూడా చెప్పాను. సరే అన్నాడు. ఆ 'సరే'లో ఈసారి కోపం లేదు.

బిందు

*

సత్యనారాయణపేట,
మే 9.

హరీ,

చుక్కమ్మ చనిపోయింది. మొన్న నోటి దగ్గర రక్తం చూశాను. పొట్ట కింద చర్మంలో ఎర్రటి మచ్చలు. మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. ఈ రోజు పొద్దున బెల్లం.

ఒక పక్క ముప్పై రెండు, ఇంకో పక్క ఇరవై ఆరు. తేమ అరవై. గోడ మీది పట్టికలో గంటగంటకూ రాశాను. ఎక్కడా తప్పు లేదు. అయినా తప్పు ఉంది, లేకపోతే చావదు కదా. ఆ రోజు తలుపు తీసి ఉంచాను. పిల్ల అద్దం మీద చెయ్యి పెట్టింది. బయటి నుంచి ఏదో జబ్బు వచ్చిందేమో. తలుపు తీయకూడదని నాకు తెలుసు, అయినా తీశాను.

పెద్దాయనను రావద్దన్నాను. ఎందుకు చచ్చాయో తెలియకుండా మిగతావాటిని ఎవరికీ ఇవ్వలేను. అప్పటివరకు అనూషను కూడా రావద్దన్నాను. ఎందుకని అడిగితే, నువ్వు అద్దం ముట్టుకున్నావు కదా, అందుకని అన్నాను. అనకుండా ఉండాల్సింది.

నువ్వు చదివినవాటిలో దీని గురించి ఏమైనా ఉందా? ఉంటే వెంటనే రాయి.

*

హచ్చొళ్ళి,
మే 16.

అక్కా,

విని బాధేసింది.

ఎండలే కారణమయి ఉంటాయి. ఈ ఏడు మన దగ్గర కాకులు కూడా రాలిపడ్డాయి. విదేశీ ప్రాణులు బళ్ళారి ఎండకు తట్టుకోవు. నేను చదివినవాటిలో ఇంతకుమించి ఏమీ లేదు.

అయిందేదో అయింది. ఇక కారణాలు వెతకకు. పెద్దాయనను మళ్ళీ పిలువు. బడి తెరవడానికి ఇంకా రోజులున్నాయి.

ఇక్కడ పనులు ఎక్కువగా ఉన్నాయి. మూటలో మామిడికాయలు ఉన్నాయి.

హరి

*

సత్యనారాయణపేట,
జూన్ 13.

హరీ,

నీ ఉత్తరం పది వాక్యాలో పదకొండో. ఒక్క తిట్టు లేదు. ఒంట్లో బాగాలేదా?

ఎండ కాదు. ఏసీ ఒక్క గంట కూడా ఆగలేదు, పట్టిక ఉంది. ఇక్కడి పశువుల డాక్టరును అడిగితే, "గేదెను చూస్తాను, కుక్కను చూస్తాను, పామును నేను చూడనమ్మా" అన్నాడు. చుక్కమ్మనూ బెల్లాన్నీ కవర్లలో చుట్టి ఫ్రిజ్ పైఅరలో ఉంచాను. కోసి చూసి చెప్పేవాళ్ళు బెంగుళూరులో ఉన్నారట. తీసుకెళ్ళాలంటే మిగతావాటిని ఒక పూట వదలాలి. వదలలేను. ఇప్పుడు పట్టికలో అరగంటకోసారి రాస్తున్నాను. కిటికీలకు అట్టలు కొట్టాను. చేతులు మందు నీళ్ళలో కడిగి కడిగి పగిలాయి.

ఇంకో రెండు కొండచిలువ పిల్లల్ని తెప్పించాను. అడగకు. వాటిని బతికించగలిగితే తప్పు నాది కాదని తెలుస్తుంది.

అనూషను మీ బావ కంటోన్మెంట్ బళ్ళో చేర్చాడు. నిన్న యూనిఫాంలో ఫోటో పంపాడు. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. అత్తగారు నాకంటే బాగా వేస్తారు జడలు.

మూట పంపవద్దని అమ్మకు చెప్పు. బస్టాండు దాకా పోవడానికి నాకు టైం లేదు.

బిందు

*

హచ్చొళ్ళి,
జూలై 11.

అక్కా,

చుక్కమ్మకు, బెల్లానికి అన్యాయం జరిగింది. చేసింది నేను.

నువ్వు మూట వద్దన్నావు. అందుకని ఈ కాగితాన్ని హొన్నూరప్ప చేతికిచ్చి, నీ తలుపు కిందుగా లోపలికి తొయ్యమన్నాను.

నీ మే నెల ఉత్తరం అందిన రోజు నేను దాన్ని కళ్ళంలో నిలబడి చదివాను. నోటి దగ్గర రక్తం అని చదవగానే కెంచమ్మను తీసుకుని కాలువ అవతలికి పోయాను. మేం ఎలుకల్ని పట్టిన కన్నాలనే ఆమె పారతో తవ్వింది. లోపల నీలం నూకలు, పిడికెడు పిడికెడు కూడబెట్టి ఉన్నాయి. ఆ పక్క రైతులెవరూ పెట్టలేదు. ఇవతలి నుంచి మోసుకుపోయినవి. చిన్నప్పటి నుంచి నేను ఆ కాలువను నీళ్ళతోనే చూశాను అక్కా. నా బుర్రలో అది ఎప్పుడూ ఒక సరిహద్దే. ఎండిన కాలువలో పిల్లలు ఆడుతుంటే మధ్యలోంచి నడిచి పోయినవాణ్ణి, ఎలుక కూడా నడిచి పోతుందని అనుకోలేదు. నేను పంపిన ఆరూ పొట్టలో మందుతోనే బస్సెక్కాయి.

"యాకప్పా అట్ల నిలబడితివి, ఏమాయ?" అంది కెంచమ్మ. అప్పుడు చెప్పింది, చచ్చిన ఎలుకను తిని తన కుక్క కూడా రక్తం కక్కుకుని చచ్చిందని. మూడు వారాల కిందటే. నాకెందుకు చెప్పలేదన్నాను. "చెప్తే నువ్వు కాయితం తీసి చదివి వినిపిస్తావు గదప్పా. వినే ఓపిక నాకు యాడుండాది?"

గట్ల వెంట నడిచాను. రెండు గుడ్లగూబలు. జెర్రిపోతులు లెక్కపెట్టడం మానేశాను. నాలుగేళ్ళు ఎవరిని చంపొద్దని ఇల్లిల్లూ తిరిగానో వాళ్ళే, తోక మీద దెబ్బ లేకుండా, చచ్చి పడి ఉన్నారు.

ఇంటికి వచ్చి నీకు ఎండలని రాశాను. నిజం రాయడానికి కూర్చున్నవాణ్ణే. ఊరంతా నా మాట వినడం అదే మొదటిసారి, అది పోతుందని భయపడ్డాను. నీకు తెలిసేది ఎలాగులే అనుకున్నాను. బడి తెరవడానికి అప్పటికి ఇంకా రోజులున్నాయి. నిజం రాసి ఉంటే నీ పట్టికలో తప్పు లేదని తెలిసేది, బండి వచ్చేది, గది ఖాళీ అయ్యేది, ఎర్ర రిబ్బన్లు నువ్వే కట్టేదానివి. చుక్కమ్మను చంపింది నా తెలివితక్కువతనం. ఈ రెండోది తెలివి ఉండి చేశాను.

నిన్న కంటోన్మెంట్ వెళ్ళి బావకూ అత్తకూ చెప్పాను. బావ అంతా విన్నాడు. తర్వాత, "ఈ ఏడాదికి బడి మార్చను హరీ. పిల్లను అటూ ఇటూ తిప్పను" అన్నాడు. నేను వాదించలేదు.

అనూష బయట మెట్ల మీద ఉంది. పక్కన కూర్చుని, పాము చచ్చిపోయింది నా వల్ల అని చెప్పాను. తల అడ్డంగా ఊపింది. "కాదు మామా. నేను అద్దం ముట్టుకున్న్యా. అమ్మ చెప్పింది." ఎలుకలు, కాలువ, నీలం నూకలు, అన్నీ చెప్పాను. వింది. "నువ్వు నాకోసం చెప్తాండావు. అమ్మ చెప్తే నిజం" అంది. రెండు నెలలుగా ఆ పిల్ల ఏ వస్తువునూ అరచేత్తో ముట్టుకోవడం లేదట. గ్లాసు కూడా వేళ్ళ చివర్లతో పట్టుకుంటోందని అత్త చెప్పింది. నేను చూశాను కూడా.

ఇప్పుడు విను. నారుమళ్ళ ముందు రెండో విడత మందు పెట్టాలని మా సంఘమే ఇల్లిల్లూ పంచి ఉంచింది. నూట పది ఇళ్ళలో పొట్లాలు ఉన్నాయి. సోమవారం కాలువకు నీళ్ళు వదులుతున్నారు. కన్నాల్లో మిగిలినవి తడిసి కాలువలో కలుస్తాయి. పరశురామ్, హనుమేశ్ కూడా ఒప్పుకున్నారు. ఈసారి కరపత్రం నేనే రాసి జిరాక్స్ తీశాను. అర పేజీ. పైన తప్పు, కింద నా పేరు. ఊరంతా పంచాను. కొందరు మొహం మీదే చించారు. కెంచమ్మ మాత్రం మడిచి కొంగున కట్టుకుని, "పార నేనే తెస్తాలే, నీకు తవ్వేది చాతకాదు" అంది.

ఆదివారం, ఈ నెల 14, ఉదయం ఎనిమిది గంటలకు, కాలువ మూడో తూము దగ్గర. ఇళ్ళలోని పొట్లాలు తెచ్చి ఒకచోట పెట్టాలి, వ్యవసాయ ఆఫీసు వాళ్ళు వచ్చి తీసుకెళతామన్నారు. కన్నాలు తవ్వి మిగిలిన నూకలు ఏరాలి. చచ్చినవాటిని కాలువకు దూరంగా, మెరకలో లోతుగా పాతిపెట్టాలి. చుక్కమ్మనూ బెల్లాన్నీ తీసుకురా. కోసి చూడాల్సిన పని లేదు ఇక.

శనివారం సాయంత్రమే పరశురామ్ నీ దగ్గరికి వస్తాడు. నువ్వు తిరిగి వచ్చేదాకా అరగంటకోసారి మీటరు చూసి పట్టికలో రాస్తాడు. వాడి దస్తూరి నీకు నచ్చదు, అంకెలు మాత్రం సరిగ్గా వేస్తాడు. ఆదివారం పొద్దున ఐదున్నర బస్సులో హొన్నూరప్ప ముందు సీటు ఆపి ఉంచుతాడు.

బావ అనూషను తెస్తున్నాడు. గట్టు మీద, పొట్లాలకు దూరంగా నిలబెడతాం. నువ్వు నన్ను అందరి ముందు తిట్టు, ఆ పిల్ల వినేలా తిట్టు, ఎలుకలు పంపింది వీడేనని చెప్పు. నా మాట అది నమ్మలేదు.

ఎనిమిది గంటలకు, అక్కా. మూడో తూము.

హరి